అరుదైన జర్మన్ ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాలు తవ్వాలంటే వైజాగ్‌లో కూర్చుని ఏం చేయొచ్చు

జర్మన్ ఇంటిపేరు ఒకటి చేతికి చిక్కగానే అందరం చేసే పని దాన్ని గూగుల్‌లో కొట్టి అర్థం వెతకడం. రెండు నిమిషాల్లో ఎవరో రాసింది దొరుకుతుంది, దాంతో పనైపోయిందనుకుంటాం. ఆ పని చివరికి పెట్టుకోండి. ముందు తేలాల్సింది ఆ పేరు ఏ ఊరిది, కనీసం ఏ ప్రాంతానిది అన్నది. ఊరు తేలకుండా చెప్పే అర్థం, జాతకం చూడకుండా పెట్టిన ముహూర్తం లాంటిది, ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెప్పొచ్చు.

వైజాగ్‌లో ఉండి జర్మన్ ఇంటిపేర్లతో మనకేం పని అంటారా? నర్సింగ్‌కో మాస్టర్స్‌కో జర్మనీ వెళ్తున్న పిల్లలు ఆఫర్ లెటర్ కింద సంతకం చూసి ఈ పేరు ఎలా పలకాలి, అసలు ఏంటిది అని అడుగుతూనే ఉంటారు. వాల్తేరు రైల్వే రోజుల నుంచి ఇక్కడే స్థిరపడ్డ పాత కుటుంబాల్లో ముత్తాత జర్మన్ అని చెప్పుకునేవాళ్లు ఉంటారు. భీమిలి డచ్ సమాధుల దగ్గర ఫొటోలు తీసుకుని, రాయి మీద పేరు చూసి ఆగిపోయినవాళ్లూ ఉంటారు. ముగ్గురికీ దారి దాదాపు ఒకటే, మొదలుపెట్టే చోటే వేరు.

ఊరు ముందు అని ఎందుకంటున్నానో మన దగ్గరి ఉదాహరణతోనే చెప్తాను. సాలూరు, కొరాపుట్, జయపురం వైపు 1882లో వచ్చిన జర్మన్ లూథరన్ మిషన్ గురించి అక్కడి చర్చి వాళ్లకు బాగా తెలుసు. అప్పట్లో అదంతా విశాఖపట్నం జిల్లాయే, 1936లో ఒరిస్సా ఏర్పడ్డాకే కొరాపుట్ అటు వెళ్లింది. మొదట వచ్చిన ఇద్దరు మిషనరీల్లో ఒకాయన ఎర్న్‌స్ట్ పోల్. చూడ్డానికి చిన్న పేరు. అయితే ఈ పోల్ అన్నది తూర్పున సైలీషియా (ఇప్పుడు ఎక్కువగా పోలండ్‌లో ఉన్న ప్రాంతం) వైపు కుటుంబానిదైతే పోలండ్ వాడు, లేదా పోలండ్ నుంచి వచ్చినవాడు అని అర్థం. ఉత్తరాన తీరం వైపు ‘లో జర్మన్’ (Low German) అనే మాండలికం మాట్లాడే చోటిదైతే చెరువు, మడుగు పక్కన ఇల్లున్నవాడు అని అర్థం. రెండూ సరైనవే, రెండిటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. ఆ మనిషి తండ్రీ తాతా ఎక్కడివాళ్లో చూడకుండా నిఘంటువు తెరిస్తే ఏ అర్థం నచ్చితే అది తీసుకుంటాం. మిషన్ జర్మనీలో ఎక్కడ పుట్టిందో దాన్నిబట్టి చెప్పేయడమూ కుదరదు. అది డెన్మార్క్ సరిహద్దు దగ్గర బ్రెక్లుమ్ అనే ఊళ్లో పుట్టింది, కానీ మిషన్‌లో చేరేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు.

సరే, మొదటి పని పేరుని సరిగ్గా రాసుకోవడం. తేలిగ్గా కనిపిస్తుంది గానీ సగం మంది ఇక్కడే ఇరుక్కుంటారు. జర్మన్‌లో ఏ, ఓ, యూ అక్షరాల మీద రెండు చుక్కలు వస్తే వాటిని చుక్కలు లేకుండా పక్కన ‘ఈ’ (e) అక్షరం చేర్చి కూడా రాస్తారు, అసలు చుక్కలు ఎగిరిపోయి ఒట్టి అక్షరం మిగిలిన రికార్డులూ ఉంటాయి. కాబట్టి ముల్లర్ లాంటి పేరుని కనీసం మూడు రకాలుగా వెతకాలి, అమెరికా వెళ్లినవాళ్లదైతే మిల్లర్ అని నాలుగోది కూడా. బీటా లాంటి అక్షరం కనిపిస్తే అది రెండు ఎస్‌లు. మైయర్ అనే ఒక్క పేరుకే అరడజను స్పెల్లింగులున్నాయి, ఒకే కుటుంబంలో అన్నదమ్ములు చెరో స్పెల్లింగు రాసుకున్న సందర్భాలుంటాయి. ఎందుకంటే సివిల్ రిజిస్ట్రేషన్, అంటే పుట్టుక, పెళ్లి, మరణం ప్రభుత్వమే నమోదు చేయడం, ప్రష్యా అనే పెద్ద జర్మన్ రాజ్యంలో 1874లో, మొత్తం జర్మన్ సామ్రాజ్యానికి 1876 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకుముందు పేరు రాసేది చర్చి పాస్టర్, ఆయన చెవికి ఎలా వినిపిస్తే అలా. ఇక్కడ మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డుల్లో రాసినవాళ్లు ఇంగ్లీషువాళ్లు, వాళ్ల చెవి ఇంకో రకం.

పాత జర్మన్ పుస్తకాలు, పత్రికల్లో వెతికేటప్పుడు ఒక చిట్కా ఉంది, ఇది తెలియక బంగారం లాంటి సమాచారం వదిలేసుకుంటారు. పాత అచ్చు అక్షరాల్లో, ఫ్రాక్టూర్ అంటారు, మాట మధ్యలో వచ్చే ఎస్ అచ్చం ఎఫ్‌లా ఉంటుంది, అడ్డగీత మాత్రం పూర్తిగా ఉండదు. స్కాన్ చేసిన కంప్యూటర్ దాన్ని ఎఫ్ అనే చదువుతుంది. కాబట్టి మీ పేరులో రెండు ఎస్‌లుంటే వాటి బదులు రెండు ఎఫ్‌లు పెట్టి కూడా వెతకండి. చేతిరాత అయితే ఇంకా కష్టం. కుర్రెంట్ అనే ఆ పాత రాతలో ‘ఈ’ (e) అక్షరం ఎన్‌లా ఉంటుంది, యూ అక్షరాన్ని గుర్తుపట్టడానికి నెత్తిన చిన్న కొక్కెం పెడతారు. ట్రాన్స్‌క్రిబుస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఆ రాతను చాలావరకు చదివిపెడుతుంది, కానీ పేర్ల దగ్గరే ఎక్కువ తడబడుతుంది. అందుకని ఒక పేజీ అయినా మీ కళ్లతో చూడటం అలవాటు చేసుకోండి.

రాయి మీద పేరు దగ్గర మొదలుపెట్టేవాళ్లకు. భీమిలిలో డచ్‌వాళ్లు పదిహేడో శతాబ్దం నుంచి వ్యాపారం చేశారు, 1825లో ఆ స్థావరం ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది. డచ్ సమాధి అనగానే లోపల ఉన్నది డచ్‌వాడే అనుకోవద్దు. డచ్ ఈస్టిండియా కంపెనీ సిపాయిల్లో, నావికుల్లో జర్మన్ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు చాలా ఎక్కువ. ఊళ్లో పని దొరక్క ఆమ్‌స్టర్‌డామ్ దాకా నడిచి వచ్చి ఓడెక్కినవాళ్లు వాళ్లు. కంపెనీ గుమస్తా వాళ్ల పేర్లను డచ్ పద్ధతిలో రాసేసేవాడు, యోహాన్ కాస్తా యాన్ అయ్యేవాడు, ష్మిట్ కాస్తా స్మిట్ అయ్యేవాడు. ఆ రాళ్లు సముద్రపు గాలికి ఉప్పు పట్టి అరిగిపోయాయి, మధ్యాహ్నం ఎండలో నిలబడి ఎంత చూసినా అక్షరం తెలియదు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లండి. ఎండ పక్కవాటుగా పడితే చెక్కిన గాట్లలో నీడ నిలుస్తుంది, అప్పుడు ఫోన్‌ని రాయికి ఎదురుగా కాకుండా కొంచెం ఓరగా పట్టి నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. సుద్దముక్క రాయడం, బ్రష్ పెట్టి రుద్దడం, నీళ్లు పోసి తోమడం లాంటివి మాత్రం వద్దు, ఉన్న కాస్త అక్షరమూ పోతుంది. వన్‌టౌన్‌లో పాత యూరోపియన్ సమాధుల దగ్గరా ఇదే పద్ధతి. మద్రాసు ప్రెసిడెన్సీ సమాధుల మీది రాతల్లో చరిత్రపరంగా ముఖ్యమైనవాటిని జె. జె. కాటన్ అనే ఆయన 1905లో పుస్తకంగా వేశాడు, విశాఖ, భీమిలి కూడా అందులో ఉన్నాయి, స్కాన్ కాపీ నెట్‌లో దొరుకుతుంది. రాయి చదవలేకపోతే అందులో చూసుకోండి, అప్పటికి ఇంత అరగలేదు కదా.

పేరు, సంవత్సరం దొరికాక హేగ్‌లోని డచ్ నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో కంపెనీ ఓడల్లో వెళ్లినవాళ్ల జాబితా చూడండి. ఉచితం. లక్షల మంది ఉన్నారు, ఎక్కువగా పద్దెనిమిదో శతాబ్దం వాళ్లు. అందులో మనకు కావాల్సిన గడి ఒకటుంది: సొంత ఊరు. అది దొరికిందంటే మీ పని సగం అయిపోయినట్టే. బ్రిటిష్ కాలం మనిషైతే మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిటర్నుల్లో, అంటే బాప్తిస్మం, పెళ్లి, ఖననం లెక్కల్లో వెతకాలి. అసలు కాగితాలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, ఇండెక్స్ ఫిబిస్ (బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర సంఘం) వెబ్‌సైట్‌లోనూ, వంశావళి సైటు ఫ్యామిలీసెర్చ్‌లోనూ డబ్బు కట్టకుండా చూడొచ్చు. విశాఖపట్నం అని వెతికితే ఏమీ రాదు, వైజాగపటం అని పాత స్పెల్లింగు కొట్టాలి. భీమిలికి బిమ్లిపటం.

ఇక చేతిలో పేరు తప్ప ఇంకేమీ లేనివాళ్లు మ్యాప్ నుంచి మొదలుపెట్టాలి. జర్మనీలో ఇంటిపేరు కొడితే ఏ జిల్లాలో ఎంతమంది ఉన్నారో రంగులతో చూపించే సైట్లు ఉన్నాయి, జియోజెన్ అని వెతకండి. అక్కడ రెండు రకాల మ్యాపులుంటాయి, ఒకటి మొత్తం సంఖ్య, ఇంకోటి జనాభాతో పోల్చి చూసింది. మొత్తం సంఖ్య మ్యాప్ చూసి మోసపోకండి, ఏ పేరు కొట్టినా బెర్లిన్, హాంబుర్గ్, మ్యూనిక్ ముదురు రంగులో మెరుస్తాయి, అక్కడ జనం ఎక్కువ కాబట్టి. రెండో మ్యాపే చూడాలి. అరుదైన పేరు అయితే ఒకటో రెండో పక్కపక్క జిల్లాల్లో ముద్దగా కనిపిస్తుంది, అరుదైన పేరుతో ఉన్న లాభమే అది. ష్మిట్ అన్నవాడికి ఆ లాభం లేదు, పాపం.

ఒక్కోసారి మాత్రం దేశమంతా చల్లినట్టు చుక్కలు చుక్కలుగా వస్తుంది, ఎక్కడా గుంపు ఉండదు. అప్పుడు పేరుకి మూలం లేదనుకోకండి. 1945 తర్వాత సైలీషియా, పొమెరేనియా, తూర్పు ప్రష్యా, చెక్ సరిహద్దు ప్రాంతాల నుంచి కోటీ ఇరవై లక్షల మంది దాకా జర్మన్లను వెళ్లగొట్టారు. ఆ ఊళ్లు ఇప్పుడు పోలండ్‌లో, రష్యాలో, చెక్ రిపబ్లిక్‌లో ఉన్నాయి. మనుషులు మాత్రం ఎక్కడ చోటు దొరికితే అక్కడ సర్దుకున్నారు. అలాంటి పేరుకి ఇప్పటి మ్యాప్ పనికిరాదు, 1945కి ముందు లెక్క కావాలి. దానికి బాగా పనికొచ్చేది మొదటి ప్రపంచ యుద్ధం నాటి సైనిక నష్టాల జాబితాలు. చనిపోయిన, గాయపడిన, గల్లంతైన సైనికుల పేర్లు 80 లక్షలకు పైగా ఎంట్రీలు, చాలావాటికి పక్కన ఊరి పేరు ఉంటుంది. కంప్‌గెన్ అనే జర్మన్ వంశావళి సంఘం వాలంటీర్లు కూర్చుని అవన్నీ టైపు చేశారు, ఉచితంగా పెట్టారు. మీ పేరు కొట్టి వచ్చిన ఊళ్లన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే ఏ మూల నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. ఊరి పేరు ఇప్పటి మ్యాప్‌లో లేకపోతే మైయర్స్ గెజెటీర్‌లో చూడండి, అది 1912 నాటి జర్మన్ సామ్రాజ్యం ఊళ్ల జాబితా, చిన్న పల్లెకి కూడా చర్చి ఎక్కడ, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎక్కడ అని చెప్తుంది. ఒకే పేరుతో పది ఊళ్లున్నప్పుడు ఇది లేకుండా కదల్లేం.

పేరు తోకని బట్టి కూడా కొంత ఊహించొచ్చు. సెన్ అని ముగిస్తే ఉత్తరాన డెన్మార్క్ వైపు, ఫలానావాడి కొడుకు అని. బ్రెక్లుమ్ మిషన్ పెట్టిన క్రిస్టియన్ యెన్సెన్ పేరు ఆ బాపతే. అక్కడ తరానికో పేరు మారిపోయేది, ష్లెస్విగ్‌లో 1771లోనూ, తూర్పు ఫ్రీస్‌లాండ్‌లో 1811లోనూ ఇకపై పేరు మారకూడదని ఆజ్ఞలొచ్చాయి. లె అని ముగిస్తే ష్వాబియా, అంటే స్టుట్‌గార్ట్ వైపు. ఓ, డబ్ల్యూ అక్షరాలతో ముగిసి డబ్ల్యూ పలక్కపోతే మెక్లెన్‌బుర్గ్, పొమెరేనియా వైపు పాత స్లావిక్ ఊరి పేరు. ఐట్ అని ముగిస్తే తూర్పు ప్రష్యా, లిథువేనియన్ మూలం. ఎర్ అని ముగిస్తే వృత్తి కావొచ్చు, ఊరు కావొచ్చు. జర్మనీ మాజీ ఛాన్సలర్ అడెనావర్ పేరులో ఉన్నది అడెనావ్ అనే ఊరు. మన పూసపాటి వారికి పూసపాడు ఉన్నట్టే. ఇక్కడ ఒక మెలిక గమనించండి. ఊళ్లో ఉన్నవాడిని ఆ ఊరి పేరుతో ఎవరూ పిలవరు, ఊరొదిలి పక్క ఊరికి వెళ్లినప్పుడే పిలుస్తారు. అందుకని ఇలాంటి పేర్లు మ్యాప్‌లో గుంపుగా కనిపించేది ఆ ఊరి చుట్టుపక్కల, ఆ ఊళ్లో కాదు.

ఇప్పుడు అర్థానికి రావొచ్చు. అరుదైన పేరు ఒకటి తీసుకుని చేసి చూపిస్తాను: హస్సెన్‌ఫ్లూక్ (Hassenpflug). తెలుగులో ఇలా రాశాను గానీ ఫ ముందు ప కూడా కొంచెం తగలాలి, చివరి అక్షరం జీ అయినా పలికేటప్పుడు క అవుతుంది. ఎలా విడగొడతారు? చూడగానే హాజె అంటే కుందేలు, ఫ్లూక్ అంటే నాగలి, కుందేలు నాగలి అంటారు కొందరు. హెస్సెన్ రాష్ట్రం పేరు కలిసిందని ఇంకొందరు. రెండూ చెవికి వినిపించిన పోలికలే. పాత జర్మన్‌లో చూస్తే మొదటి ముక్క ద్వేషించడం అనే క్రియ, మొత్తం పేరు ఒక వాక్యం: నాగలంటే నాకు పడదు. జర్మన్‌లో ఇలాంటి వాక్యపు పేర్లు ఒక జాతి. ష్లుకెబియర్ అంటే బీరు గుటకేసేవాడు, హేబెన్‌ష్ట్రైట్ అంటే తగువు మొదలుపెట్టేవాడు, గ్రీపెన్‌కెర్ల్ అంటే వాణ్ని పట్టుకో అని, బహుశా బంట్రోతుకి పెట్టిన పేరు. నవ్వులాటకి పెట్టినవి కాబట్టి అవమానంగా ఉంటాయి, అయినా వందల ఏళ్లుగా మోస్తున్నారు.

నాగలంటే పడనివాడు ఎవడు? దీనికి రెండు మాటలు చెప్తారు. వ్యవసాయం చేయడం ఇష్టం లేని రైతుకి ఊరివాళ్లు పెట్టిన ఎగతాళి పేరు అన్నది ఒకటి. కమ్మరి పని నేర్చుకుని ఊరూరా తిరిగే పనివాడికి తోటి పనివాళ్లు సంఘంలో చేర్చుకునేటప్పుడు పెట్టిన పేరు అన్నది రెండోది, అలా కొత్త పేరు పెట్టే ఆచారం కమ్మరుల్లో గట్టిగా ఉండేది. నాకు రెండోదే ఎక్కువ నచ్చుతుంది. సొంత నాగలి వదిలేసి ఇతరుల నాగళ్లు సాగగొట్టే పనిలోకి వచ్చిన కుర్రాడిని తోటివాళ్లు ఊరుకుంటారా. కానీ నచ్చడం వేరు, నిరూపించడం వేరు. మీ కుటుంబంలో మొట్టమొదట ఆ పేరుతో దొరికిన మనిషి పన్ను జాబితాలో కమ్మరిగా ఉన్నాడా, రైతుగా ఉన్నాడా అన్నది చూస్తేనే ఒక వైపు మొగ్గొచ్చు.

ఈ పేరుతో చరిత్రకెక్కిన కుటుంబం హెస్సెన్‌ది. లూడ్విగ్ హస్సెన్‌ఫ్లూక్ హనావ్‌లో 1794లో పుట్టాడు, కాసెల్‌లో రెండుసార్లు మంత్రిగా చేశాడు, జనానికి ఎంత కోపం తెప్పించాడంటే ఆయన పేరునే వంచి హెస్సెన్‌ఫ్లూఖ్, అంటే హెస్సెన్‌కి పట్టిన శాపం, అని పిలిచారు. ఆయన పెళ్లాడింది జానపద కథలు సేకరించి అచ్చు వేసిన గ్రిమ్ సోదరుల ఒక్కగానొక్క చెల్లెలిని. ఆయన అక్కచెల్లెళ్లు ఆ గ్రిమ్ సోదరులకు కథలు చెప్పినవాళ్లు. మనం చిన్నప్పుడు విన్న నిద్రపోయిన రాజకుమారి కథ ఆ అక్కచెల్లెళ్లలో ఒకరైన మారీ (Marie) హస్సెన్‌ఫ్లూక్ నోటి నుంచే 1812 నాటి పుస్తకంలోకి వెళ్లింది. ఆ కథల్లో ఫ్రెంచి వాసన ఎక్కువని పండితులు అంటారు, ఎందుకంటే వాళ్ల అమ్మ వైపు వాళ్లు ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన హ్యూగెనోట్లు, అంటే ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు. చూశారా, ఇంటిపేరు ఎంత జర్మన్‌గా ఉన్నా అది చెప్పేది తండ్రి వైపు గీత ఒక్కటే. ఇంట్లో కథలు చెప్పిన మనుషుల గురించి అది ఏమీ చెప్పదు.

ఎంతమంది ఉన్నారు, అంటే పాపులారిటీ, అన్నది అందరూ అడిగే ప్రశ్న. నా ఉద్దేశంలో అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేదీ అదే. జర్మన్ పేర్ల లెక్కలు ఎక్కువగా 2005 నాటి ల్యాండ్‌లైన్ డైరెక్టరీ మీద ఆధారపడ్డవి, మైంజ్‌లో తయారవుతున్న పెద్ద డిజిటల్ ఇంటిపేర్ల నిఘంటువు కూడా ఆ డేటానే వాడుతుంది. ఒక ఫోనుకి ఒక ఇల్లు కాబట్టి ఎంట్రీల సంఖ్యని రెండున్నర, మూడు రెట్లు చేసుకుంటే మనుషుల సంఖ్య ఉజ్జాయింపుగా వస్తుంది, అంతకన్నా కచ్చితంగా ఎవరైనా చెప్తే నమ్మకండి. ఫోర్‌బేర్స్ లాంటి సైట్లలో ప్రపంచంలో ఇన్నో ర్యాంకు అని ఉంటుంది, అది కూడా అంచనాయే, అరుదైన పేర్లకు మరీ గాలిలో దీపం. అమెరికాలో అయితే 2010 సెన్సస్ వాళ్లు 100 మందికి తగ్గకుండా ఉన్న ఇంటిపేర్లన్నీ జాబితా వేశారు. అందులో లేదంటే అక్కడ వందమంది లోపే. స్పెల్లింగు మారిన రూపాలు విడివిడిగా లెక్కలోకి వస్తాయని మర్చిపోకండి, హస్సెన్‌ఫ్లూక్‌కి ఒక ఎస్ తీసేసిన రూపం వేరే పేరు కింద ఉంటుంది.

పేరు వెతుకుతుంటే మీ ఇంటిపేరు రాజచిహ్నం ఇదిగో, ఫ్రేము కట్టి పంపిస్తాం అని ప్రకటనలు వస్తాయి. జర్మన్ పద్ధతిలో ఆ చిహ్నం ఒక కుటుంబానికి ఉంటుంది, ఇంటిపేరుకి కాదు, అదే పేరున్న మిగతావాళ్లకి దానితో సంబంధం లేదు. డబ్బులు దండగ. చాట్‌బాట్‌ని అర్థం అడిగినా అంతే, తడుముకోకుండా అందమైన కట్టుకథ చెప్తుంది.

చివరికి ఊరు తేలితే చర్చి పుస్తకాలే దిక్కు. ప్రొటెస్టెంట్లవి ఆర్కియోన్ అనే వెబ్‌సైట్‌లో డబ్బు కట్టి చూడాలి, క్యాథలిక్కులవి చాలావరకు మాట్రికులా అనే వెబ్‌సైట్‌లో ఉచితం. ఏ ఊరు ఏ మతమో మైయర్స్ గెజెటీర్ చూస్తే తెలుస్తుంది. 1876 తర్వాత పుట్టినవాళ్లయితే ఆ ఊరి రిజిస్ట్రేషన్ ఆఫీసుకి గానీ ఊరి ఆర్కైవ్‌కి గానీ ఈమెయిల్ పెట్టాలి. పుట్టిన రికార్డు 110 ఏళ్లు, పెళ్లి 80, మరణం 30 ఏళ్లు దాటాకే ఆర్కైవ్‌కి చేరి అందరికీ అందుబాటులోకి వస్తాయి, లోపలివి అయితే మీరు నేరుగా వారసులని కాగితాలు చూపించాలి. ఈమెయిల్ జర్మన్‌లో రాయండి, నాలుగు వాక్యాలు చాలు: ఎవరు, ఏ సంవత్సరం దగ్గర, ఏ ఊరు, ఏ కాగితం కావాలి. మన కుటుంబ కథంతా రాస్తే చదవరు. వెతికినందుకు గంటల లెక్కన ఫీజు అడుగుతారు, ఎంతవుతుందో ముందే చెప్పమనండి. ఇక్కడి బ్యాంకులో యూరోలు పంపే ముందు వాళ్ల చార్జీ ఎంతో కూడా కనుక్కోండి, చిన్న మొత్తాలకి ఒక్కోసారి ఫీజు కన్నా అదే ఎక్కువ పడుతుంది.